ఇల్లు ఆలస్యంగా పలికితే

1
ఆలస్యం: నాలుగు సెకన్లు

"తలుపు" అన్నాక తలుపు తెరుచుకోడానికి ఇవాళ పొద్దున నాలుగు సెకన్లు పట్టింది. మొన్నటిదాకా నోట్లో మాట పూర్తయ్యేలోపే తెరుచుకునేది. మా ఇళ్ళ వరస ఆఫీసుకి పంపే రోజువారీ చిట్టాలో మాత్రం "ఒక సెకను" అని కొట్టాను. అత్త పోయాక ఎనిమిది నెలలుగా ఆ చిట్టా నేనే పంపుతున్నాను, అబద్ధం పెట్టడం ఇదే మొదలు.

అందుకే ఈ కాగితం పుస్తకం. టైపు చేసింది ఇల్లు చదువుతుంది, నోటితో అన్నది వింటుంది. పెన్నుతో రాసింది దానికి తెలీదు. నిజం ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు కడుపుబ్బరం. నా సంగతి నాకు తెలుసు.

భయమెందుకో కూడా రాస్తాను. మూడో వరసలో మొత్తం ఇరవై రెండు ఇళ్ళు, ఒకదానికొకటి తాళ్ళతో కట్టి నీళ్ళ మీద ఉన్నాం. పోటు దిగి నీళ్ళు బాగా తీసినప్పుడు కింద పాత ఊరి మంచినీళ్ళ ట్యాంకు నెత్తి కనపడుతుంది, అంతే, నేలంటే అదే మాకు. ప్రతి ఇంటికీ నాలుగు మూలలా నాలుగు తొట్లు. అల వచ్చినప్పుడల్లా ఇంటి కంప్యూటర్ ఈ తొట్లో నీళ్ళు ఆ తొట్లోకి తోడి ఇల్లు వాలకుండా చూస్తుంది. కిందటి నెల రెండో వరసలో వైరస్ దూరి పంపులన్నీ ఒకవైపే తోడాయి. పదకొండు ఇళ్ళు తిరగబడ్డాయి. మధ్యాహ్నం అన్నాలవేళ, పిల్లాజెల్లా అందరూ ఇళ్ళలోనే ఉన్నారు.

ఆ తర్వాత అమావాస్యకి ఆఫీసు వాళ్ళు ఇంటింటికీ ప్రహరి అనే కొత్త యాంటీవైరస్ పంపారు. దాంతోపాటు కొత్త రూలు కూడా. ఏ ఇల్లు మందగిస్తే ఆ ఇంటికి వైరస్ తగిలినట్టే. దాని తాళ్ళూ తీగలూ కోసి హద్దు గుర్తుగా తేలే ఎర్ర బోయా అవతలికి నెట్టేస్తారు, లోపలి మనుషులతో సహా. పక్కింట్లోకి ఎక్కి కూర్చుందామన్నా కుదరదు, ఏ ఇంటినైనా ఎంతమంది బరువుకి కట్టారో అంతమందినే అది మోస్తుంది. మామూలు రోజుల్లో అయితే బోయా అవతల కూడా బతకొచ్చేమో. పదకొండో తేదీకి తుఫాను మా మీదికొస్తుందని రేడియో చెబుతోంది.

నాలుగు సెకన్లే కదా అంటున్నాడు మా మావ సింహాద్రి. నా మొగుడికి ఏ మాట చివరైనా "కదా" ఉంటుంది.

3
ఆలస్యం: ఏడు

నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను. పాత ఫొటోలు తీసేశాను, పనికిరాని లెక్కలు తీసేశాను. కంప్యూటర్ పెట్టె వెనక బూజు దులిపాను. ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేవడానికి అది నలభై నిమిషాలు తీసుకుంది. ఆ నలభై నిమిషాలూ మావా నేనూ చెరో మూలా చేతిపంపు కొడుతూ కూర్చున్నాం. నా భుజాలు పడిపోయాయి. అంతా అయ్యాక చూస్తే అదే ఏడు సెకన్లు.

మావ పెట్టె మీద నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. "వైరస్‌కి నిమ్మకాయ కడితే పోతుందా మావా?" అంటే, "నీ వైద్యానికి పోయిందా?" అన్నాడు. చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం. ఇంతలో నేల ఓ వేలెడు వాలింది. నవ్వు ఆగిపోయింది.

ఈ ఇల్లు అత్తది. కాసులమ్మ. మా వైపు ఇంటి పెద్ద పోతే ఆ మనిషి గొంతునీ, ఆ గొంతు మాటకే తెరుచుకునే తాళాన్నీ ఏడాది దాకా కంప్యూటర్లోంచి తియ్యం. సంవత్సరీకం నాడు అయినవాళ్ళంతా కూర్చుని ఆఖరిసారి విని, అప్పుడు తీస్తాం. అందాకా రోజూ తెల్లారగానే "లేవండర్రా, పోటొచ్చేసింది!" అని ఆవిడే లేపుతుంది. బతికుండగా ఆ కేకకి నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ కాస్త మండుతుంది, అబద్ధమెందుకు. మావ మాత్రం మెలకువ వచ్చినా ఆ కేక వినపడేదాకా లేవడు.

5
ఆలస్యం: పదకొండు

పదకొండు సెకన్లంటే మూసిన తలుపు ముందు చాలాసేపు.

పక్కింటి అప్పలకొండ వదిన చింతపండు కోసం వచ్చింది. మాది పదిహేనో ఇల్లు, వాళ్ళది పద్నాలుగు. బయటినుంచి పిలిచింది. నేను లోపల "తలుపు" అని, దాని మొహం చూస్తూ నిలబడ్డాను. తెరుచుకునేసరికి వదిన ముఖం అదోలా ఉంది.

"స్నానంలో ఉన్నా వదినా" అన్నాను.

"పొడిజుట్టుతోనా?" అంది.

నేను కొంగు తలమీదికి లాక్కుని చింతపండు తెచ్చిచ్చాను. ఆవిడ రెట్టించలేదు. చింతపండు కొంగున కట్టుకుని, వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, "మీ పంపులు బానే తిరుగుతున్నాయా?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా" అన్నాను.

"మావీ అంతే" అంది, అని గబగబా వెళ్ళిపోయింది.

రేపు తనిఖీ. వరస పెద్ద తాతబ్బాయి బాబాయ్ ఇంటింటి ముందూ నిలబడి, తలుపు తెరవమని చెప్పి, వేళ్ళు ముడుస్తూ లెక్కపెడతాడు. మూడు దాటకూడదు.

6
ఆలస్యం: పదమూడు

గట్టెక్కాం. ఎలా గట్టెక్కామో రాయడానికి సిగ్గుగా ఉంది.

కరెంటు పోతే తలుపు తియ్యడానికి లోపల చేతిచక్రం ఒకటుంటుంది. మావ దాని దగ్గర కూర్చున్నాడు. బాబాయ్ "తెరవమ్మా" అనగానే నేను గట్టిగా "తలుపు!" అన్నాను. మావ చక్రం తిప్పాడు. అది కరకరమంటుందని ముందే కొబ్బరినూనె పోసి ఉంచాం. బాబాయ్ రెండు వేళ్ళు ముడిచేసరికి తెరుచుకుంది. "బాగుంది" అని చెప్పి, అప్పలకొండ వదిన గుమ్మం ముందుకి వెళ్ళాడు.

ఒక చెయ్యి ముడవడం అయిపోయింది. రెండో చేతికి వచ్చాడు. తొమ్మిదో వేలికి తెరుచుకుంది తలుపు. లోపల వదిన, ఆవిడ మొగుడు ధనరాజు, ఆడపడుచు లోవకుమారి. ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

వరసలో ఇళ్ళ పెద్దలందర్నీ ఇళ్ళని కలిపే నడవచెక్కల మీదికి పిలిచారు. రూలు ఇది. తాడు కొయ్యాలంటే మిగతా ఇళ్ళన్నీ "అవును" అనాలి. ఒక్కరు "వద్దు" అన్నా తాడు తెగదు. కానీ "వద్దు" అన్నవాళ్ళ ఇంటిని అక్కడికక్కడే ఆఫీసు వాళ్ళు విప్పి చూస్తారు.

ఒక్క మాట. ఒక్క "వద్దు" చాలు. నా వంతు వచ్చింది. వదిన నావైపే చూస్తోంది. నా ఇంటి పెట్టె విప్పితే ఏం కనపడుతుందో నాకు తెలుసు.

"అవును" అన్నాను.

అంతటితో అయిపోలేదు. తాళ్ళు రెండువైపుల ఇళ్ళవాళ్ళే కొయ్యాలి. అటు పదమూడో ఇంటివాళ్ళు, ఇటు నేను. వలలు కోసే కత్తి ఇచ్చారు. తాడు తడిసి ఉంది, నాలుగుసార్లు కోస్తేగాని తెగలేదు. నాలుగుసార్లూ వదిన అక్కడే నిలబడి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

7
ఆలస్యం: పదహారు

పదమూడో ఇంటికీ మాకూ పొడుగు తాడు వేశారు. మధ్యలో ఖాళీ. ఎర్ర బోయా దగ్గర వాళ్ళ ఇల్లు కనపడుతోంది, దండెం మీద వదిన నారింజరంగు చీరతో సహా. ఇల్లు ఎడమకి వాలుతుంది, చాలాసేపటికి తేరుకుంటుంది. మళ్ళీ వాలుతుంది.

మావ కిటికీకి దుప్పటి కట్టేశాడు. నేను తీసేశాను.

ఇవాళ అత్త కేక ముక్కలు ముక్కలుగా వచ్చింది. "లేవండ", కాసేపటికి "ర్రా", ఎంతకో "పోటొ". మావ మంచం మీద లేచి కూర్చుని చెవులు మూసుకున్నాడు.

8
ఆలస్యం: ఇరవై మూడు

ఇవాళ చచ్చి బతికాం. నేను వంటింట్లో ఉండగా పెద్ద అల వచ్చింది. ఇల్లు వంటింటి వైపు వాలింది, వాలుతూనే ఉంది, పంపు మాత్రం కదలదు. కుక్కరు, గిన్నెలు, పప్పుల డబ్బాలు అన్నీ నా మీదికి వచ్చాయి. మోకాలిదాకా నీళ్ళు. "మావా" అని అరిచానో లేదో కూడా గుర్తులేదు. ఇరవై మూడు సెకన్లకి పంపు తిరిగింది. అప్పటికి అల వెళ్ళిపోయింది, కాబట్టి ఇల్లు ఈసారి అటువైపు వాలింది. తుఫాను ఇంకా మూడు రోజులుంది. ఇది ఉత్త అలే.

అంత భయంలో నాకు కోపం వచ్చింది. నాకు భయం బాగా ముదిరితే కోపమే వస్తుంది. పెళ్ళికి ముందు ఐసు ఫ్యాక్టరీలో ఆరేళ్ళు పంపులు బాగుచేసినదాన్ని. ఎప్పుడూ చెయ్యని పని చేశాను. వైరస్ ఎక్కడుందా అని వెతకడం మానేసి, అసలు ఈ పెట్టె రోజంతా ఏం పని చేస్తోందో చూద్దామని దాని పనుల పట్టీ తెరిచాను. తెరుచుకోడానికి పావుగంట పట్టింది.

పంపులకి వందలో రెండు వంతులు. తలుపులు, దీపాలు, నీళ్ళ శుద్ధి అన్నిటికీ కలిపి ఇంకో రెండు. ప్రహరికి నలభై ఎనిమిది. గంగాకవచానికి నలభై ఎనిమిది.

గంగాకవచం అత్త వేయించుకున్న పాత యాంటీవైరస్. అది ఇంకా ఉందని కూడా నాకు తెలీదు.

ఫ్యాక్టరీలో ఒకసారి ఒకడు తెలివిమీరి ఒకే గొట్టానికి రెండు పంపులు ఎదురుబొదురు బిగించాడు. రెండూ గింజుకుంటున్నాయి, చుక్క నీరు రాదు. ఇక్కడా అదే కథ. పంపు తిప్పమని కంప్యూటర్ ఒక మాట చెబితే దాన్ని ప్రహరి విప్పి చూస్తుంది. ఎవడో విప్పుతున్నాడని గంగాకవచం ప్రహరిని పట్టుకుంటుంది. తనని పట్టుకుంది వైరసేనని ప్రహరి దాన్ని పట్టుకుంటుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అనుమానాలు రాసుకుంటున్నారు. ఆ జాబితా రోజురోజుకీ పెరుగుతోంది, మొత్తం మొదటినుంచి చదివాకే పంపు దాకా మాట వెళ్తోంది. మా ఇంట్లో వైరస్ లేదు. ఏ రోజూ లేదు.

అమావాస్య నాటి నమోదు కూడా దొరికింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పాత యాంటీవైరస్ తీసెయ్యాలా? ఇంటి పెద్ద కాసులమ్మ జవాబు కోసం ఎదురుచూశాను. జవాబు లేదు. పాతది ఉంచి కొత్తది వేశాను."

మిగతా ఇళ్ళలో పెద్దలు బతికున్నారు, అడగ్గానే "అవును, తీసెయ్" అన్నారు. మా ఇల్లు చనిపోయినావిణ్ణి అడిగింది.

అప్పుడు తట్టింది నాకు. అప్పలకొండ వదిన మావగారు పోయి అయిదు నెలలు. వాళ్ళూ గొంతు తియ్యలేదు.

పట్టీ మూసి నీళ్ళలోనే కూర్చుండిపోయాను. మావ వచ్చి లేపాడు.

9
ఆలస్యం: ఇరవై తొమ్మిది, తర్వాత సున్నా

ప్రహరిని తియ్యడానికి ఆఫీసు వాళ్ళకే వీలు. గంగాకవచాన్ని తియ్యడానికి అత్త గొంతే కావాలి. తీస్తే ఆవిడ తాళం కింద ఉన్నవన్నీ పోతాయని ఇల్లు ముందే చెప్పింది. అంటే గొంతు కూడా. తెల్లవారుజాము కేక కూడా.

"కుదరదు" అన్నాడు మావ. "ఇంకో నాలుగు నెలలు. సంవత్సరీకం నాడు తీద్దాం కదా."

"నాలుగు నెలలు మనం ఉంటే కదా!" అన్నాను.

"మా అమ్మని నా చేత్తో రెండోసారి చంపమంటావా?"

ఇల్లు వాలింది. ఇద్దరం గోడ పట్టుకుని లెక్కపెట్టుకున్నాం. ఇరవై తొమ్మిది దాకా మావ కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. ఇల్లు తేరుకున్నాక, "ఏం మాటలు కావాలి?" అని అడిగాడు.

రెండు మాటలు. "అవును", "తీసెయ్". ఇంట్లో ఆవిడ అన్న మాటలు ఏడేళ్ళవి దాచి ఉన్నాయి. "తీసెయ్"కి కొదవ లేదు. ఆ గిన్నె తీసెయ్, ఆ తడిబట్ట తీసెయ్, నా కళ్ళముందునించి ఆ మొహం తీసెయ్. అన్నీ నన్ను అన్నవే. "అవును" మాత్రం లేదు. మా అత్త ఎవరితోనూ అవునని అని ఎరగదు. అన్నం తిన్నావా అత్తా అంటే "తినక పస్తుంటానా" అనేది. నిద్రపట్టిందా అంటే "పట్టకపోతే నువ్వు జోకొడతావా" అనేది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఏడేళ్ళ తిట్లు మళ్ళీ విన్నాను. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఒకటుంది" అన్నాడు మావ. అంతసేపూ తనకి తెలుసన్నమాట.

ఆవిడ పోయే ముందురోజుది. నేను ఆస్పత్రి పడవలో మందుల కోసం నిలబడి ఉండగా మావ అడిగాడట. "అమ్మా, నువ్వు లేకపోతే రత్నం ఒక్కతే ఈ ఇల్లు నడపగలదంటావా?" కాసేపు ఆయాసం. తర్వాత అత్త గొంతు, "అవును."

పన్నెండేళ్ళు పోట్లాడుకున్నాం ఆవిడా నేనూ. ఆ మాట నాకు చెప్పకుండా పోయింది ముసల్ది. నేను భోరుమని ఏడ్చాను.

రెండు మాటలూ అతికించి మావే వినిపించాడు. ఇల్లు విన్నది. ముప్పై సెకన్లు గడిచాయి. "సరే, కాసులమ్మా" అంది ఇల్లు. అంతే. తర్వాత నేను "తలుపు" అన్నాను. మాట పూర్తికాకముందే తెరుచుకుంది, ఉప్పుగాలి ముఖాన కొట్టింది. మావ బయటికి వెళ్ళి నీళ్ళవైపు తిరిగి కూర్చున్నాడు.

10
ఆలస్యం: లేదు

తెల్లారింది. ఎవరూ లేపలేదు. మావ మెలకువగానే మంచం మీద ఉన్నాడు. నేనే "లే మావా, పోటొచ్చింది" అన్నాను. లేచాడు.

రేపు మధ్యాహ్నానికి తుఫాను.

"వదినా వాళ్ళ సంగతి చెప్పాలి" అన్నాను.

"చెప్తే మనం దొంగచిట్టా పంపామని కూడా చెప్పినట్టే కదా. దొంగచిట్టాకి కూడా తాడు కొయ్యడమే. ఒక్కరోజు నోరు మూసుకో రత్నం. నీకు దణ్ణం పెడతాను."

"ఆ తాడు కోసింది నేను, మావా."

మావ దణ్ణం పెట్టిన చేతులు అలాగే దించేశాడు.

ముందు గుట్టుగా తాతబ్బాయి బాబాయ్‌తో మాట్లాడదామని పడవేసుకుని ఒకటో ఇంటికి వెళ్ళాను. వాళ్ళ గుమ్మం ముందు "బాబాయ్" అని పిలిచాను. లోపల బాబాయ్ "తలుపు" అనడం వినపడింది. ఆ వెంటనే కరకరమని చక్రం చప్పుడు.

ఆయన చక్రానికి నూనె వెయ్యలేదు.

తలుపు తీసి ఎదురుగా నిలబడ్డాడు, ముఖం మీద చెమట. వాళ్ళ ఇంటికి పెద్ద పిన్నే అనీ, ఆవిడ పోయి ఏడు నెలలనీ నాకు అప్పుడు గుర్తొచ్చింది. వరసంతా వెళ్ళాం దినానికి. ఎలా మరిచిపోయానో.

"బాబాయ్, మీది ఎన్ని సెకన్లు?" అన్నాను.

"ఏంటమ్మా మాట్లాడుతున్నావ్?"

మొత్తం చెప్పాను. రెండు యాంటీవైరస్‌లు, అత్త గొంతు, అప్పలకొండ వాళ్ళ మావగారు, అన్నీ. ఆయన గడప పట్టుకుని విన్నాడు. లోపల గోడ మీద పిన్ని ఫొటో, దండ.

"రోజూ పొద్దున్నే టీ తాగావా అని అడుగుతుంది" అన్నాడు. "అదొక్కటే అడుగుతుంది."

"మరి ఆ ముగ్గురు, బాబాయ్?"

"మంచి ఇంటిని కోయించానని చెప్పమంటావా? నా ఇల్లు ఇలా పెట్టుకుని వాళ్ళ గుమ్మంలో వేళ్ళు ముడిచానని చెప్పమంటావా?" ఆయన పిన్ని ఫొటోవైపు తిరిగాడు. "తుఫాను దాటనీ. తర్వాత చూద్దాం."

"తుఫాను దాటాక ఎవర్ని చూస్తారు?" అన్నాను. ఆయన చక్రం తిప్పి తలుపు మూసేసుకున్నాడు.

ఇంటికొచ్చి వరస మైకు తీశాను. ఇరవై ఇళ్ళకి ఒకేసారి చెప్పాను. నా పేరు, నా ఇల్లు, నా దొంగచిట్టా, నేను తొమ్మిది రోజులు దాచింది, ఎందుకు మందగించింది, ఎలా బాగుపడింది. ఏడాది లోపు పెద్దలు పోయిన ఇళ్ళు చూసుకోండని చెప్పాను. అప్పలకొండ వాళ్ళకి వైరస్ లేదు, రేపు మధ్యాహ్నం లోపు లాక్కొద్దామని చెప్పాను. బాబాయ్ సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే కాదంటాడు, కాదన్నాక ఇక తగ్గలేడు.

మైకులో ఎవరో అన్నారు, "నిన్న ఇరవై తొమ్మిది, ఇవాళ సున్నానా? వైరస్ దాన్ని పూర్తిగా మింగేసింది. అందుకే అలా మాట్లాడిస్తోంది."

సాయంత్రానికి బాబాయ్ గొంతుతో ప్రకటన. రేపు ఉదయం తొమ్మిదికి పదిహేనో ఇంటి తాళ్ళ గురించి అందరూ చెప్పాలి. గాలి పెద్దది కాబట్టి నడవచెక్కల మీదికి ఎవరూ రావద్దు. ఎవరి ఇళ్ళలోంచి వాళ్ళు మైకులో చెప్పాలి.

11
తొమ్మిది గంటలు

వింటూ రాస్తున్నాను. చేతిరాత ఎలా వస్తుందో తెలీదు. బయట గాలి అరుస్తోంది. ఇల్లు మాత్రం మాట వింటోంది, అల అల్లంత దూరంలో ఉండగానే పంపులు తిరుగుతున్నాయి. మావ నా పక్కనే కూర్చుని నా కొంగు పట్టుకున్నాడు. కిటికీలోంచి బోయా దగ్గర ఇల్లు కనపడుతోంది. ఒకవైపు గోడ సగం దాకా నీళ్ళలో ఉంది. నారింజ చీర దండెం మీద లేదు, ఎవరో దాన్ని పట్టుకుని ఊపుతున్నారు.

ఇరవై రెండో ఇల్లు: అవును.

ఇరవై ఒకటి: అవును. ఇరవై, కాసేపు తటపటాయించి: అవును.

నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగిన పంతొమ్మిదో ఇంటి ముసలాయన: అవును.

పదహారు, మా ఇటుపక్క చిట్టెమ్మ. తాడు కొయ్యాల్సింది తనే. మైకులో ఏడుపు వినపడింది. "క్షమించు వదినా" అంది. తర్వాత, అవును.

దాన్ని తిట్టుకుందామంటే నోరు రాలేదు. అయిదు రోజుల కింద నేనూ ఆ మాటే అన్నాను. ఏడవలేదు కూడా.

పదమూడు, పన్నెండు, పదకొండు. అవును. అవును. అవును. భయంగా ఉంది. రాస్తే తగ్గుతుందనుకున్నాను, తగ్గడం లేదు. నాకు నీళ్ళలో చచ్చిపోవాలని లేదు.

మూడు. అవును.

రెండు. అవును.

ఇక ఒకటో ఇల్లు. తాతబ్బాయి బాబాయ్.

నిశ్శబ్దం.

అయిదు సెకన్లు. పది. మైకు పాడైందేమోనని ఎవరో గొణిగారు. చిట్టెమ్మ "బాబాయ్, ఉన్నారా?" అంది. పదిహేను. మైకుల్లో ఎవరి ఊపిరి వాళ్ళది వినపడుతోంది. ఇరవై దాటాక ఎవరో మెల్లిగా పైకే లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇరవై రెండు, ఇరవై మూడు. ఇంకో గొంతు కలిసింది. ముప్పై. ముప్పై అయిదు. వరసంతా లెక్కపెడుతోంది. నాకు అప్పుడు అర్థమైంది. మైకులో మాట కూడా ఇంటి కంప్యూటర్ దాటే బయటికి రావాలి. నోరు తెరిస్తే ఆలస్యం బయటపడుతుందని ఆయనకి తెలుసు. ఒంట్లో బాలేదని ఎవరిచేతైనా కబురు పంపి తప్పించుకోవచ్చు ఆయన.

నలభై ఒకటి.

"వద్దు" అంది బాబాయ్ గొంతు. "కొయ్యొద్దు. నేను మీరడగ్గానే చెప్పాను. మా ఇల్లు ఇప్పుడు పలికింది. రత్నం చెప్పింది నిజం."

తర్వాత తొమ్మిదో ఇల్లు, ఆడగొంతు, మా నాన్న పోయి మూడు నెలలు, మాది పద్నాలుగు సెకన్లు అంది. ఇరవయ్యో ఇల్లు, మాది పది అంది. చేతిచక్రాల కరకరలు గాలిలో కూడా వినపడ్డాయి. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటోంది.

11, మధ్యాహ్నం రెండు

ఒళ్ళంతా తడి. పుస్తకం కూడా తడిసింది. తుఫాను ఇంకా పూర్తిగా రాలేదు, వస్తోంది.

మూడు పడవలు వేసుకుని వెళ్ళాం. మొదటి పడవలో బాబాయ్, మావ, నేను. అరవయ్యేళ్ళ బాబాయే ముందు కూర్చుని దారంతా తెడ్డు వేశాడు. రెండుసార్లు పడవ నిండిపోయింది, చేతులతో తోడాం. మునిగిపోతామని రెండుసార్లూ అనుకున్నాను. తాళ్ళు కట్టి ఆ ఇంటిని లాక్కొచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ధనరాజూ లోవకుమారీ నాలుగు రోజులుగా చేతిపంపులే కొడుతున్నారట. వాళ్ళ అరచేతుల్లో తోలు లేదు.

వాళ్ళ మావగారు బతికుండగా ఎప్పుడైనా "అవును" అన్నారా అని మావ లోపల కూర్చుని వెతుకుతున్నాడు. బాబాయ్ పిన్ని గొంతు తియ్యడానికి తన ఇంటికి వెళ్ళిపోయాడు. మైకులో "ఒక్క పది నిమిషాలివ్వండి నాకు" అని అడిగాడు. ఎవరూ కాదనలేదు.

వదిన తన గుమ్మంలో నిలబడింది. తన ఇంటికీ మా ఇంటికీ మధ్య రెండు బారల నీళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను మా గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డాను. క్షమించు అందామనుకున్నాను, ఆ మాట పొద్దున చిట్టెమ్మ నోట విన్నాక అనబుద్ధి కాలేదు.

వదిన కొత్త తాడు కొస నావైపు విసిరింది. పట్టుకున్నాను.

"రెండు ముళ్ళు వెయ్యి" అంది. "నాకు నీమీద నమ్మకం లేదు."

మూడు వేశాను.